మూడు నమూనా దుప్పట్లు

ప్రభుత్వానికి దుప్పట్లు అమ్మాలంటే మంచి దుప్పటి నేస్తే చాలదు, దాని చుట్టూ నూట నలభై పేజీల కాగితం కూడా నేయాలి. ఆ రెండో నేత నా పని. దిల్‌సుఖ్‌నగర్‌లో, మూతపడ్డ ఒక కోచింగ్ సెంటరు పైన గది తీసుకుని, చిన్న చిన్న యూనిట్లు నడుపుకునేవాళ్లకు టెండరు కాగితాలు తయారుచేస్తాను. కంప్యూటర్లో ఎక్కించేది నేనే, నమూనాలకు సీలు వేసేది నేనే, కమిటీ పిలిస్తే వాళ్ల తరఫున వెళ్లి కూర్చునేదీ నేనే. పదకొండేళ్లలో నా చేతిమీదుగా పోయిన ఫైలు ఒక్కటి కూడా కాగితం తక్కువై తిరిగి రాలేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేదాన్ని. గొప్పలు చెప్పుకోవడంలో నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు.

రెండేళ్ల కిందట, ఏప్రిల్ మొదటి వారంలో, సిద్ధిరాములు, ఆయన భార్య రాధమ్మ మెట్లెక్కి వచ్చారు. పోచంపల్లి పక్క ఊరు వాళ్లది. అక్కడ అన్నదమ్ముల మగ్గాల మీద దుప్పట్లు నేయించి, ఎల్బీనగర్‌లో కిరాయి హాల్లో పన్నెండు మిషన్లు పెట్టి అంచులు కుట్టిస్తారు. వేసవి వస్తే దుప్పట్లు ఆపి బడి యూనిఫాంలు కుడతారు.

"గవర్నమెంటు హాస్టళ్లకు పన్నెండు వేల దుప్పట్లు కావాల్నట మేడం. మాకు జర దారి చూపియ్యుండ్రి" అన్నాడు సిద్ధిరాములు.

"ఇంతకు ముందు ఎప్పుడైనా టెండరు వేశారా?"

"ఒకపారి ఏసినం. కాయితం తక్కువైందని ఎన్కకు పంపిండ్రు. ఏ కాయితమో గూడ చెప్పలే."

యూనిట్ ఎవరి పేరు మీద ఉందని అడిగాను. ఆడవాళ్ల పేరు మీద ఉంటే కొంత వెసులుబాటు దొరుకుతుంది. రాధమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కాయితాల మీద ఓనర్ను నేనే. ఇంట్ల ఓనరు ఆయినె."

ఆ నవ్వు నాకు నచ్చింది. ఫైలు తీసుకున్నాను. తీసుకున్న రోజునే ఒక సలహా కూడా ఇచ్చాను. టెండరు ఇచ్చే ముందు ఆ శాఖవాళ్లు హాలు చూడ్డానికి వస్తారు, అప్పుడు మిషన్ల మీద వేరేవాళ్ల పని కనిపిస్తే వీళ్లకు తీరిక లేదని రాసుకుని పోతారు, కాబట్టి ఈ ఏడు యూనిఫాంలు ఒప్పుకోవద్దు అన్నాను.

సిద్ధిరాములు ముఖం వాడిపోయింది. "యూనిఫాంలు మా బువ్వ మేడం. ఈ రెండు నెల్లు కుడితెనే సంవత్సరం కిరాయి ఎల్లుతది. టెండరు రాకపోతె దసరకు హాలు ఖాళీ చేసుడె."

"పన్నెండు వేల దుప్పట్లు కావాలా, రెండు స్కూళ్ల చొక్కాలు కావాలా, మీరే ఆలోచించుకోండి" అన్నాను. ఈ మాట ఎంతమందితో అనుంటానో లెక్కలేదు.

ఆయన భార్య వైపు చూశాడు. "మేడం చెప్పినట్టె చేద్దాం. ఆమెకు తెల్వదా" అంది రాధమ్మ.

మర్నాడే రెండు స్కూళ్ల ఆర్డర్లూ వాపసు ఇచ్చేశారు.

సంతకాలకు ఒక మధ్యాహ్నం పట్టింది. మంగళవారం, కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్లి అటునుంచి అటే వచ్చారు. నుదుట సింధూరం, చేతిలో ప్రసాదం పొట్లం. ప్రతి పేజీ మీదా ఓనరు సంతకం, ముద్ర ఉండాలి. రాధమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెడుతుంది. మొదట్లో ప్రతి పేజీకీ పెన్ను ఆపి "ఇండ్ల ఏం రాసుంది?" అని అడిగింది. ఇది కరెంటు బిల్లు, ఇది పన్ను కాగితం, మీ మీద పోలీసు కేసులు లేవని ఇది అని చెబుతూ వచ్చాను. పదో పేజీ దాటాక అడగడం మానేసింది.

"మీరు రాసిండ్రంటే అంతె సాలు" అని మిగతా నూట ముప్పై పేజీలూ వరసగా పెట్టుకుంటూ పోయింది.

మే రెండో వారంలో హాలు చూడ్డానికి ఇద్దరు వచ్చారు. అప్పటికి నెల రోజులుగా మిషన్లు ముసుగులేసుకుని ఉన్నాయి. కుట్టే ఆడవాళ్లకు సిద్ధిరాములు సగం జీతం ఇచ్చి కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లు మిషన్లు లెక్కపెట్టి, నిమ్మకాయ నీళ్లు తాగి, బాగుందని రాసుకుని పోయారు. సిద్ధిరాములు వాళ్లను రోడ్డు దాకా దించి వచ్చి నాకు దండం పెట్టాడు. నేను అందుకున్నాను కూడా.

ఇక మిగిలింది నమూనాలు. మూడు దుప్పట్లు ఇవ్వాలి. వాటి మీద పేరు, చీటీ, ముద్ర, ఏ రకమైన గుర్తూ ఉండకూడదు. ఏ దుప్పటి ఎవరిదో కమిటీకి తెలియకూడదని ఆ నిబంధన. హాల్లోనే నిలబడి రాధమ్మకు రెండుసార్లు చెప్పాను.

"మిషిన్ మీది నుంచి దిగిన మొదటి దుప్పటికి మూలకు పసుపు పెడ్తం గద. గదెట్ల?" అని అడిగింది.

"అది మాత్రం నమూనాల్లో కలపకండి. పక్కన పెట్టేయండి."

"సరె. గది ఎప్పటికి గుడికాడ ముసలోళ్లకె ఇస్తం. ఈపారి గూడ గట్లనె ఇస్త."

నమూనాలు శుక్రవారం అందజేయాలి. గురువారం సాయంత్రం ఆఫీసు సందులో కరెంటు లేదు, కొత్తపేటలో మా ఇంటికే తెచ్చి ఇమ్మన్నాను. సిద్ధిరాములు స్కూటర్ మీద తెచ్చి, గుమ్మంలోనే నా చేతిలో పెట్టి వెళ్లాడు. మంచం మీద పరిచి మూడింటినీ రెండు వైపులా చూశాను. అంచులు చూశాను, నాలుగు మూలలూ వేళ్లతో తడిమి చూశాను. నీలం చారల దుప్పట్లు, ఎక్కడా ఒక పోగు లేచి లేదు, ఒక మచ్చ లేదు. ఈ ఒక్క విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇంట్లో నేనూ అమ్మా ఉండేవాళ్లం. అమ్మ పేరు సూర్యప్రభ. తెనాలి వదిలి ముప్పై ఏళ్లయినా ఆవిడ మాటా మారలేదు, మడీ మారలేదు. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి దుప్పటి పట్టుకు చూసింది.

"ఎంత మెత్తగా ఉన్నాయే. ఎవరివమ్మాయ్?"

"పాపం, ఎల్బీనగర్ వాళ్లవి. ఇవి నెగ్గితే ఆ హాల్లో పన్నెండు మిషన్లు తిరుగుతాయి. లేకపోతే మూతే."

"నెగ్గుతాయిలే. పొద్దున్న దణ్ణం పెట్టుకుని తీసుకెళ్లు" అంది.

మడత పెట్టి కుర్చీ మీద ఉంచాను. శుక్రవారం పొద్దున ఆ మడతలు విప్పకుండానే తెల్ల గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్క కరిగించి సీలు వేశాను. సీలు మీద తరఫు మనిషిగా నా సంతకం పెట్టాను. పదకొండు గంటలకల్లా ఇచ్చేసి రసీదు తెచ్చుకున్నాను.

మరుసటి బుధవారం కమిటీ కూర్చుంది. ఏ ఆఫీసో చెప్పను, ఆ మెట్లు నేను ఇంకా ఎక్కుతూనే ఉన్నాను. పొడుగాటి బల్ల మీద తొమ్మిది సంచులు. ఒక్కోటీ మా అందరి ఎదుటా విప్పుతున్నారు. దుప్పట్లను లాగి చూశారు, తూచారు, తడిగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూశారు. మా సంచి ఏడోది. మొదటి దుప్పటి చూసి కమిటీ పెద్దాయన "బాగుంది" అన్నాడు. ఆ బల్ల దగ్గర ఆ మాట వినడం అరుదు. రెండోది విప్పారు. లోపలి మూలన బియ్యపు గింజంత పసుపు ఉంది.

గంగాధరరావు లేచి నిలబడ్డాడు. నాలాగే టెండర్లు రాసే మనిషి, వేరే కంపెనీ తరఫున వచ్చాడు. "సార్, అది గుర్తు. ఏది ఎవరిదో చెప్పడానికి పెట్టిన గుర్తు. నిబంధన మీరే రాశారు" అన్నాడు.

అతని చోట నేనున్నా అదే మాట అనేదాన్ని. మూడో దుప్పటి మూలనా ఉంది. మొదటిదీ మళ్లీ తిప్పి చూశారు, దానికీ ఉంది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏదో రాసి, మా సంచి పక్కకు నెట్టించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

బయట వరండాలో సూపరింటెండెంటు మహిపాల్ నన్ను ఆపాడు. పాత పరిచయం. లంచం అడగని మనిషి, అందుకే ఆయన మాట వినబుద్ధేస్తుంది.

"మేడం, గంత మంచి సరుకు పోతాంటె నాకే మనసొప్పుతలేదు. సీలు మీద సంతకం మీది. మరక మీ దగ్గర అంటిందని, టెండరు ఏసినోళ్లకు సంబంధం లేదని మీరు రాసియ్యుండ్రి. కమిటీ కొత్త నమూనాలు అడుగుతది. మూడు రోజులు టైమున్నది."

"రాసిస్తే నాకేమవుతుంది?"

"మీ పేరు మూడేండ్లు మా దగ్గర నడ్వది. ఉన్నదున్నట్టు చెప్తున్న."

మూడేళ్లు నడవకపోతే ఇక నడవనట్టే. నా దగ్గర అప్పుడు ఆ శాఖవే మరో తొమ్మిది ఫైళ్లున్నాయి. అయినా ఆ క్షణాన నేను ధీమాగానే ఉన్నాను. మరక నా దగ్గర అంటలేదు కదా, నేను కళ్లారా చూశాను కదా, ఆఫీసులోనే ఎవరో చేసి ఉంటారు, గంగాధరరావు ఎవరికో చెయ్యి తడిపి ఉంటాడు అనుకుంటూ మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి అతని మీద పెట్టాల్సిన ఫిర్యాదు మనసులో సగం రాసేశాను.

ఇంటికి రాగానే అమ్మ మంచినీళ్లిచ్చి అడిగింది. "వాళ్ల దుప్పట్లు నెగ్గాయా?"

"పోయాయమ్మా."

"అయ్యో. అదేంటే. శుక్రవారం పూట కొత్త బట్ట గడప దాటుతోందని మూడింటికీ పసుపు పెట్టి మరీ పంపానే" అంది. ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

గ్లాసు బల్ల మీద పెట్టాను. ఏమీ అనలేదు. అంటే ఆవిడ తట్టుకోలేదని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అంటే తర్వాతి పని నేను చేయాల్సి వస్తుంది, అందుకే అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఎల్బీనగర్ వెళ్లాను. సంగతి చెప్పగానే సిద్ధిరాములు మొదట నమ్మలేదు. తర్వాత భార్య వైపు తిరిగాడు. కుట్టే ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు.

"దిమాక్ ఉన్నదానె నీకు? మేడం రెండుపార్లు చెప్పలే? చిన్న పోరికి చెప్పినట్టు చెప్పలే?"

"నేను పెట్టలే" అంది రాధమ్మ. "మొదటిది పక్కకు తీసిన. గుడికాడ ముసలామెకు ఇచ్చిన."

"ఇచ్చినదానికి పసుపుండెనా?"

ఆమె ఆలోచించింది. నుదురు చేత్తో రుద్దుకుంది. "యాదికి లేదు. మడతల ఉండె. ఇచ్చిన, ఒచ్చిన."

అంతా నా వైపు చూశారు. నోట్లో నాలుక లేని మనుషులు, కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే. ఒక్క మాట చెబితే సరిపోయేది. నేనూ ఒక్క మాటే చెప్పాను.

"కుట్టే హడావిడిలో కలిసిపోయి ఉండొచ్చు కదా, రాధమ్మ గారూ. అలవాటైన చెయ్యి. ఒకదానికి పెట్టబోయి మూడింటికీ పెట్టి ఉండొచ్చు."

రాధమ్మ తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకుంది.

"అయ్యుండొచ్చు" అంది.

సిద్ధిరాములు చేతిలో ఉన్న కొలత టేపు నేలకేసి కొట్టి బయటికి వెళ్లిపోయాడు. నేను సంచిలోంచి లాప్‌టాప్ తీసి, అక్కడే కటింగ్ బల్ల మీద ఉత్తరం రాశాను. ఆచారం కొద్దీ, అలవాటు చొప్పున పసుపు నేనే పెట్టాను, ఇందులో దురుద్దేశం లేదు, పెద్ద మనసుతో మన్నించి మరో అవకాశం ఇవ్వగలరు అని రాధమ్మ పేరు మీద మంచి ఇంగ్లీషులో రాశాను. పక్క జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తెచ్చాను. ఆమె పెన్ను పట్టుకుని ఆగింది.

"ఇండ్ల ఏం రాసుంది?"

"మన్నించమని."

సంతకం పెట్టింది. ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూనే పెట్టింది.

ఆ ఉత్తరంతో పని జరగొచ్చని నేను ఆశపడ్డానని చెప్పుకోవడానికి కూడా లేదు. పదకొండేళ్ల అనుభవం నాది. గుర్తు ఎవరు పెట్టారో తెలియనప్పుడు కమిటీకి అనుమానం ఉంటుంది, టెండరు వేసినవాళ్లే ఒప్పుకున్నాక అనుమానమేముంటుంది. మహిపాల్ ఉత్తరం చదివి నా ముఖంలోకి చూశాడు.

"ఆమెనె ఒప్పుకున్నంక ఇంకేం చేస్తం మేడం" అన్నాడు. అప్పటినుంచి నన్ను చూస్తే నమస్కారం పెడతాడు, మాట్లాడడు.

టెండరు గంగాధరరావు వాళ్లకు వెళ్లింది. జూన్‌లో బళ్లు తెరిచారు. సిద్ధిరాములు వదులుకున్న యూనిఫాంలు వనస్థలిపురంలో ఎవరో కుట్టారు. స్కూళ్లవాళ్లు వచ్చే ఏడాదికీ వాళ్లకే ఇస్తామన్నారట. జులైలో నాలుగు మిషన్లు అమ్మారు, ఆగస్టులో ఎనిమిది. దసరా దాకా కూడా ఆగలేదు హాలు.

మా ఇంట్లో ఏమీ జరగలేదు. జరగలేదనే ఎవరైనా అంటారు. శుక్రవారం పొద్దున అమ్మ గడపకు పసుపు రాస్తుంటే నాకు ఒళ్లు మండేది. కొత్త టవల్ మూలకు పెట్టినా, కొత్త డైరీకి పెట్టినా కసిరేదాన్ని. ఒకరోజు పసుపు డబ్బా తీసి అటక మీద పెట్టేశాను. అమ్మ స్టూలు వేసుకుని దింపుకుంటూ పడబోయింది. ఏమైందే నీకు అని అడిగితే పని ఎక్కువైందన్నాను. చివరికి మా తమ్ముడు నాగార్జున వచ్చి మలక్‌పేటలో తన ఇంటికి తీసుకెళ్లాడు. వెళ్లేముందు అమ్మ "ఎవరైనా మంచి డాక్టరుకి చూపించుకో అమ్మాయ్, నీ ఒంట్లో బాగున్నట్టు లేదు" అంది. ఆవిడకు ఈనాటికీ తెలియదు. కన్నతల్లిని కాపాడానని నేను చెప్పుకోవచ్చు, చెప్పుకుంటే వినేవాళ్లు కూడా ఉంటారు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం రాధమ్మ ఒక్కతే మా ఆఫీసుకు వచ్చింది. మనిషి సగమైంది. కంపెనీ మూసేయాలి, పన్ను నంబరు రద్దు చేయించాలి, అది నేనే చేయాలట.

"సిద్ధిరాములు గారు రాలేదా?"

"ఊరికి పోయిండు. ఆళ్ల అన్న మగ్గం మీద కూసుంటుండు. నాతోటి మాట్లాడక మూడు నెల్లాయె. పిల్లకు ఫోన్ చేస్తడు, నాకు చెయ్యడు." గొంతు తగ్గించింది. "తప్పు నాదైనంక ఆయిన్నేమంట. నేను గీడనె చీరల దుకాన్ల ఫాల్స్ కుడుతున్న."

కంప్యూటర్లో ఆమె యూనిట్ వివరాలు తెరిచాను. రద్దుకు కారణం ఏమిటని కంప్యూటరు అడిగితే 'వ్యాపారం మూసివేత' అన్నదాని మీద నొక్కాను. పది నిమిషాల పని. ఆమె కొంగుముడి విప్పబోతే వద్దని గట్టిగా చెప్పాను. ముడి మళ్లీ వేసుకుంది కానీ లేవలేదు.

"ఇంకేమైనా ఉందా, రాధమ్మ గారూ?"

"మీ పేరు గూడ ఖరాబ్ చేసిన. పదకొండేండ్ల సంది ఒక్క ఫైలు గూడ ఎన్కకు రాలేదంటిరి. నా శెయ్యి పాడుగాను, మీకు మచ్చ తెచ్చిన. గదే కడుపుల కొడుతది. రాత్రి నిద్ర పట్టదు."

చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం ఎప్పుడూ రాలేదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. టెండరు పోయింది, మిషన్లు పోయాయి, చెబితే ఇప్పుడు నాకు పోయేది కూడా పెద్దగా లేదు. ఆమెకు మాత్రం మొగుడు తిరిగొస్తాడు. ఇవన్నీ ఆ కాసేపట్లోనే ఆలోచించాను. నోరు కూడా తెరిచాను.

"అయ్యో, అదేం మాటండీ. అలాంటివి మనసులో పెట్టుకోకండి" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్ల గాదు చెల్లె. మాఫ్ చేసిన అని నీ నోటితోటి ఒక్క మాటను. ఆయినైతె అనడు. నువ్వన్న అను."

కింద సిటీ బస్సు హారను కొడుతూ పోయింది. ఆమె రెండు చేతులూ జోడించి, నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"మాఫ్ చేశాను రాధమ్మ గారూ" అన్నాను.

ఆ మాట విన్నాకే ఆమె కుర్చీలోంచి లేచింది.